నెత్తురు నడచు త్రోవలు

1628వ సంవత్సరమున జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఒక చిన్న గ్రంథము అచ్చయ్యెను. దాని పుటలు 72 మాత్రమే. భాష లాటిను. కాగితము నాసిరకము, అచ్చుతప్పులు మెండు. దానిని రచించినవాడు విలియం హార్వే అను ఆంగ్ల వైద్యుడు. ఆనాటి కాతనికి 50 ఏండ్లు. ఇంగ్లండు రాజగు మొదటి ఛార్లెసునకు ఆస్థాన వైద్యుడు. లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ వైద్యశాలయందు దీర్ఘకాలముగా పని చేయుచున్నవాడు. అంతటి ప్రతిష్ఠ గలవాడయ్యును, ఈ చిన్న పొత్తమును ప్రకటించుటకు ఆయన తొమ్మిదేండ్లకు పైగా వెనుకాడెను. తాను చెప్పబోవునది మిక్కిలి క్రొత్తది గనుక, లోకమంతయు తనకు పగయగు నేమోయని భయపడుచున్నానని ఆ గ్రంథమందే వ్రాసికొనెను.

ఆయన చెప్పినది యేమి? శరీరమందలి రక్తము గుండెనుండి బయలుదేరి, ఒడలెల్ల తిరిగి, మరల గుండెకే చేరుచున్నదని. అంతే. ఈ మాట నేడు ఏ విద్యార్థి నడిగినను చెప్పగలడు. కాని నాలుగువందల ఏండ్ల క్రిందట ఐరోపా విద్యాపీఠములలో ఇది వినరాని మాట. గ్రంథము వెలువడిన పిమ్మట హార్వే యొద్దకు వచ్చు రోగులు తగ్గిపోయిరనియు, ఆయనకు మతి చలించినదని సామాన్యులు చెప్పుకొనిరనియు, ఆయన నెఱిగిన జాన్ ఆబ్రీ యను రచయిత వ్రాసి యుంచెను.

ఇంత కలవరమునకు కారణము గేలెను. గేలెను క్రీస్తుశకము 2వ శతాబ్దివాడు. పెర్గమము అను నగరమున జన్మించి, అచట ఆయుధములతో పోరాడు మల్లుల గాయములకు చికిత్స చేసి, పిదప రోము నగరమున చక్రవర్తులకు వైద్యుడై కీర్తి గడించెను. నిస్సందేహముగా గొప్పవాడు. ధమనులలో గాలి యుండునని అంతకుముందున్న నమ్మకమును త్రోసివేసి, వానియందును రక్తమే యున్నదని నిరూపించినది ఆయనయే. కాని ఆయన కోసి చూచినవి చాలవఱకు కోతులు, పందులు మున్నగు జంతువుల శరీరములు. మనుష్యుల శరీరములు కావు. ఆయన సిద్ధాంతము ప్రకారము, తిన్న అన్నము కాలేయమున రక్తముగా మాఱును. ఆ రక్తము సిరల వెంబడి శరీరమంతయు పాఱి, ఆయా అవయవములయందు ఇంకిపోవును. మరునాటి అన్నమునుండి మరల క్రొత్త రక్తము పుట్టును.

కాలువల క్రింద సేద్యము చేయు నాట పెరిగిన వారికి ఈ భావము వెంటనే తెలియును. ఆనకట్ట నుండి పెద్దకాలువ, పెద్దకాలువ నుండి చిన్నకాలువ, దానినుండి బోదె, బోదె నుండి మడి. మడికి చేరిన నీరు మడియందే యింకును. తిరిగి ఆనకట్టకు రాదు. గేలెను చెప్పిన రక్తము గూడ ఇటువంటిదే. గేలెనునకు పూర్వమే అరిస్టాటిల్ రక్తనాళములను తోటలోని నీటికాలువలతో పోల్చి యుండెను. పోలిక అందముగా నున్నది. అందముగా నున్న పోలిక మనస్సునకు హత్తుకొనినచో దానిని వదలించుట బహు కష్టము. ఈ పోలిక సుమారు 1400 సంవత్సరములు వదలలేదు.

గేలెను సిద్ధాంతమున ఒక చిక్కు కలదు. గుండె కుడిప్రక్కనున్న రక్తము ఎడమప్రక్కకు కొంత చేరవలెను. నడుమ దళసరి కండగోడ యున్నది. ఆ గోడయందు కంటికి కానరాని సన్నని రంధ్రములున్నవని ఆయన చెప్పెను. 1543లో వెసేలియసు అను శరీరశాస్త్రజ్ఞుడు మనుష్యుల గుండెలను కోసి వెదకెను, రంధ్రములు కనబడలేదు. కానరాని త్రోవల వెంబడి రక్తమును నడపిన సృష్టికర్త నేర్పు అద్భుతమని మాత్రము వ్రాసి ఊరకుండెను. పండ్రెండేండ్లు గడచిన తరువాతగాని, రెండవ ముద్రణమున, ఆ రంధ్రములను గూర్చిన సందేహమును బాహాటముగా వెల్లడింప సాహసింపలేదు. గురువు చెప్పినది కంటికి కనబడనిచో తప్పు కంటిదే యనుకొను కాలమది. ఐరోపావారికి తెలియదు గాని, అంతకు మూడువందల ఏండ్ల ముందే డమాస్కసున చదివి కైరోలో వైద్యము చేసిన ఇబ్న్ అల్ నఫీసు అను పండితుడు, 1242 ప్రాంతమున, ఆ గోడలో రంధ్రములు లేనే లేవనియు, కుడిప్రక్క రక్తము ఊపిరితిత్తుల గుండ పోయి ఎడమప్రక్కకు వచ్చుననియు వ్రాసి యుండెను. ఆ వ్రాతప్రతి బెర్లినులో ఒక ఈజిప్టు వైద్యుని కంటబడినది 1924లో!

హార్వే ఇటలీ దేశమున పాడువా విద్యాపీఠమున చదివి 1602లో పట్టము పొందెను. ఆ దినములలో గెలీలియో అచటనే గణితము బోధించుచుండెను. హార్వేకు శరీరశాస్త్రము చెప్పిన గురువు ఫబ్రీషియసు. ఈతడు సిరల లోపలిగోడలయందు చిన్న చిన్న తలుపులవంటి పొరలను కనుగొని, వానిని గూర్చి 1603లో ఒక గ్రంథము ప్రకటించెను. రక్తము అంతయు ఒక్కసారిగా కాళ్ళకును చేతులకును దిగిపోకుండ ఆ తలుపులు నిదానించుచున్నవని గురువు భావము. శిష్యుడు ఆ తలుపులు ఏవైపునకు తెఱచుకొనుచున్నవో చూచెను. అవి యన్నియు గుండెవైపునకే తెఱచుకొనుచున్నవి. గుండెనుండి వెడలు రక్తమునకు అవి మూసిన తలుపులు. గుండెకు వచ్చు రక్తమునకు తెఱచిన తలుపులు. అట్లయినచో సిరలు రక్తమును అవయవములకు కొనిపోవుట యెట్లు? తన ఆలోచనకు మొదటి ప్రేరణము ఆ తలుపులేయని హార్వే వృద్ధాప్యమున రాబర్ట్ బాయిలుతో చెప్పెనట.

తరువాత ఆయన చేసిన పని లెక్క కట్టుట. శరీరశాస్త్రమున అంతకుముందు ఇట్లు లెక్క కట్టినవారు అరుదు. గుండె ఒక్కసారి ముడుచుకొన్నపుడు అర ఔన్సు, అనగా సుమారు 14 గ్రాముల రక్తము వెలువడుననుకొందము. అరగంటలో గుండె వేయిసార్లకు పైగా కొట్టుకొనును. అప్పటికి 500 ఔన్సులు, 14 కిలోగ్రాములు! అంత రక్తము ఏ మనిషి ఒడలిలోను లేదు. ఎద్దు కంఠధమనులు తెగినపుడు పావుగంట లోపల దాని రక్తమంతయు కాఱిపోవుట కసాయివారందఱు ఎఱిగినదే. కాగా, అరగంటకు ఇంత రక్తము అన్నమునుండి పుట్టుట అసంభవము. అది మడులయందు ఇంకిపోవుటయు అసంభవము. పోయిన రక్తమే తిరిగి రావలెను. హార్వే కావలెనని తక్కువగా లెక్కించెను. నేటి కొలతల ప్రకారము గుండె ఒక్కొక్క దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును పంపును. నిమిషమునకు 72 దెబ్బలు. అనగా నిమిషమునకు 5 లీటర్లు. పెద్దవారి శరీరమున నున్న రక్తము కూడ దాదాపు 5 లీటర్లే. నిశ్చలముగా కూర్చుండినవానియందు సైతము రక్తమంతయు నిమిషమునకొక చుట్టు తిరుగుచున్నదన్నమాట. దినమునకు 7,000 లీటర్లు దాటును. వేసవియందు ఊళ్ళకు మంచినీరు తెచ్చు 5,000 లీటర్ల ట్యాంకరును తలచుకొనినచో, పిడికెడంత గుండె చేయు పని కొంత ఊహకు వచ్చును.

లెక్కతో తృప్తిపడక హార్వే కట్టుకట్టి పరీక్షించెను. భుజమునకు క్రింద గట్టిగా ఒక పట్టీ బిగించినచో, మణికట్టు వద్ద నాడి ఆగిపోవును. చేయి క్రమముగా చల్లబడును. పట్టీని కొంచెము వదలు చేసినచో చేయి వెచ్చబడి, ఎఱ్ఱబాఱి, ఉబ్బును. పట్టీకి దిగువనున్న సిరలు త్రాళ్ళవలె లేచును. కారణము స్పష్టము. ధమనులు లోతున నుండును, వాని గోడలు దళసరి. సిరలు పైపైన నుండును, వాని గోడలు పలుచన. వదులు కట్టు ధమనిని ఆపలేదు, సిరను ఆపగలదు. రక్తము ధమని వెంట చేతికి వచ్చుచున్నది. సిర వెంట తిరిగి పోలేక నిలిచిపోయినది.

ఈ కట్టు సంగతి పల్లెలయందు ప్రాణసంకటమగు విషయము. పొలమున పాము కఱచిన వెంటనే కాటుకు పైన త్రాటితో బిగించి కట్టుట తరతరముల వాడుక. అది మేలు చేయదని నేటి వైద్యశాస్త్రము గట్టిగా చెప్పుచున్నది. హార్వే చూచిన దాని నిచట అన్వయించి చూడవలెను. త్రాడు బిగియగట్టినచో ధమని మూసికొని కాలికి రక్తమే అందదు. గంటల కొలది అట్లున్న కాలు కుళ్ళి, కడకు తీసివేయవలసి రావచ్చును. త్రాడు విప్పినతోడనే నిలిచిన విషము ఒక్కుమ్మడి శరీరమునకు ప్రాకవచ్చును. విషము వ్యాపించుటకు కండరముల కదలిక తోడ్పడును గనుక, కఱచిన కాలిని ఎముక విరిగిన కాలివలె బద్ద నుంచి కదలకుండ చేసి, నడిపింపక, ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చుటయే చేయదగినది. కోయుట, నోట పీల్చుట కూడదు.

హార్వే చేసిన మఱియొక పరీక్షను ఏ విద్యార్థియైనను ఇంట చేసి చూడవచ్చును. దానికి కట్టు అక్కఱలేదు. కష్టపడి పనిచేసిన తాతగారి ముంచేతిమీద సిరలు స్పష్టముగా కనబడును. ఒక సిరను మణికట్టు వైపున ఒక వ్రేలితో అదిమిపట్టి, వేఱొక వ్రేలితో ఆ సిర వెంబడి మోచేతి వైపునకు రాచి ఆ వ్రేలిని తీసివేయవలెను. రాచిన మేర సిర అణగి ఖాళీగా నుండును. పైనున్న రక్తము వెనుకకు దిగదు. నడుమనున్న తలుపు అడ్డుకొనును. అదిమిన వ్రేలు తీసినతోడనే క్రిందినుండి రక్తము వచ్చి సిర నిండును. హార్వే గ్రంథమున ఉన్న బొమ్మలు ఈ చేతి బొమ్మలే.

అయినను ఒక వెలితి మిగిలెను. ధమనులనుండి సిరలకు రక్తము ఏ త్రోవను చేరుచున్నది? ధమనులు చీలి చీలి సన్నబడి మాయమగును. సిరలు ఎచటనో సన్నగా పుట్టి కూడుకొని పెద్దవగును. నడుమ నున్నదానిని హార్వే కన్నులు చూడలేదు. ఉండి తీరవలెనని ఆయన బుద్ధి చెప్పెను. గేలెను కానరాని రంధ్రములను నమ్ముమన్నాడు. హార్వేయు కానరాని త్రోవలను నమ్ముమన్నాడు. ప్యారిసు పండితుడు రియొలాను మున్నగువారు ఆయనతో వాదించుటలో వింత లేదు. రెంటికిని భేదమొకటే: హార్వే త్రోవలను లెక్క నిలబెట్టుచున్నది. అంతర్యుద్ధకాలమున దోపిడిగాండ్రు ఆయన ఇల్లు కొల్లగొట్టి, ఏండ్లతరబడి వ్రాసికొన్న కాగితములను నాశనము చేసిరి. తన మాట చాలమంది అంగీకరించుట చూచియే ఆయన 1657లో మరణించెను. ఆ త్రోవలను మాత్రము చూడలేదు.

నాలుగేండ్ల పిదప, 1661లో, ఇటలీ దేశపు మార్సెల్లో మాల్పీజీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో పెట్టి చూచెను. వల అల్లినట్లు సన్నని గొట్టములు ధమనికిని సిరకును నడుమ పఱచుకొని యుండెను. హార్వే గ్రంథము వెలువడిన 1628లోనే మాల్పీజీ జన్మించుట ఒక విశేషము. తరువాత హాలెండున లేవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు తాను నూరుకొన్న కటకములతో ఆ గొట్టములలో రక్తకణములు పరుగిడుట కన్నులార చూచెను.

ఇక ఈ నాళముల నిర్మాణము. ముందుగా పేర్లను గూర్చి ఒక మాట. వాడుకలో ముంచేతిపై ఉబ్బిన సిరను నరమందురు. నరము వేఱు, సిర వేఱు. నరమున రక్తము ఉండదు, అది వార్తలను మోయునది. అట్లే నాడి యనగా ఒకచో ధమని కొట్టుకొనుట, మఱియొకచో నరము. మాట ఒకటియే యగుటచేత భావము తారుమాఱు కారాదు. గుండెనుండి రక్తమును కొనిపోవు నాళము ధమని. గుండెకు రక్తమును కొనివచ్చు నాళము సిర. రెంటిని కలుపునది కేశనాళిక. మంచి రక్తముండునది ధమని, చెడు రక్తముండునది సిర యని కొందఱు బాలురు వల్లించుట కలదు. అది సరికాదు. గుండెనుండి ఊపిరితిత్తులకు పోవు ధమనిలో నుండునది ప్రాణవాయువు తగ్గిన రక్తము. ఊపిరితిత్తులనుండి వచ్చు సిరలలో నుండునది ప్రాణవాయువు నిండిన రక్తము. పేరు వచ్చినది ప్రయాణపు దిక్కునుబట్టి, సరకునుబట్టి కాదు.

ధమని గోడకు మూడు పొరలు కలవు. లోపలిది మిక్కిలి నునుపైన పలుచని పొర. నడిమి పొరయందు కండరమును, సాగి మరల ముడుచుకొను పోగులును ఉండును. వెలుపలి పొర గట్టి పీచుతో అల్లినది. గుండెనుండి వెడలు బృహద్ధమని సుమారు 2.5 సెంటీమీటర్ల వెడల్పు గలది. దాని నడిమి పొరలో సాగెడి పోగులు మెండు. గుండె రక్తమును చిమ్మినపుడు బృహద్ధమని రబ్బరువలె సాగి కొంత రక్తమును తనలో నిలుపుకొనును. గుండె సేదదీరుచున్నపుడు తాను ముడుచుకొని ఆ రక్తమును ముందునకు నెట్టును. ధమనులు ఇనుపగొట్టములే అయినచో, గుండె కొట్టుకొన్నప్పుడు రక్తము ఉరికి, నడుమ ఆగిపోవుచుండెడిది. సాగుటచేతనే ప్రవాహము తెగకుండ సాగుచున్నది. ముసలితనమున ఈ పోగులు బిరుసెక్కును.

మణికట్టు వద్ద వ్రేళ్ళకు తగులు నాడి ఈ సాగుటయే. అది అప్పుడే గుండె వెడలి వచ్చిన రక్తమని పలువురు తలతురు. కాదు. రైలుబండి నిలిచియున్నపుడు ఇంజను వచ్చి మొదటి పెట్టెకు తాకినచో, ఆ తాకుడు క్షణములో కడపటి పెట్టెకు చేరును. పెట్టెలు మాత్రము మెల్లగా కదలును. ధమనిగోడ వెంబడి అలయు అట్లే రక్తముకంటె ఎన్నో రెట్లు వేగముగా పాఱును.

ధమనులు చీలి చీలి సన్నని ధమనికలగును. వీని గోడలో కండరము ప్రధానము. ఇవి కాలువ లస్కరులవంటివి. తూములు తెఱచుట, మూయుట వీని పని. ఉన్న రక్తము 5 లీటర్లు, అన్ని అవయవములకును ఒక్కసారి నిండుగా ఇచ్చుటకు చాలదు, కనుక వంతులుండవలెను. పరుగెత్తుచున్నపుడు కాళ్ళ కండరములకు, భోజనమైన పిదప ప్రేగులకు నీరు ఎక్కువగా వదలినట్లు రక్తము వదలబడును. చలికాలపు ఉదయమున చర్మమందలి ధమనికలు బిగిసి, వేడిని లోపల దాచును. అందుచేతనే వ్రేళ్ళు పాలిపోవును. ఎండలో అవి వదలై ముఖము ఎఱ్ఱబాఱును. మెదడునకు మాత్రము వంతు తప్పదు; అది కొన్ని నిమిషములు రక్తము లేక మనజాలదు.

ఇంతవఱకు చెప్పినదంతయు త్రోవయే. గమ్యము కేశనాళికలు. గుండె కొట్టుకొనుట, ధమని సాగుట, తూములు తెఱచుట అన్నియు వీనికొఱకే. కేశనాళిక యనగా వెండ్రుకవంటి గొట్టమని అర్థము. కాని వెండ్రుక దీనికంటె ఎన్నో రెట్లు లావు. దీని వెడల్పు మిల్లీమీటరులో వందవవంతు, లేక అంతకు తక్కువ. ఎఱ్ఱ రక్తకణము కొన్నిచోట్ల వంగి, నలిగి, ఒకదాని వెనుక నొకటిగా దూరిపోవలెను. గోడ ఒక్క కణపు మందము మాత్రమే. ఆ పలుచని గోడ గుండ ప్రాణవాయువు, చక్కెర మొదలగునవి వెలుపలి కణములకు చేరును. బొగ్గుపులుసు వాయువు మున్నగు వ్యర్థములు లోనికి వచ్చును. దళసరిగోడలు గల ధమనియందు గాని సిరయందు గాని ఈ మార్పిడి జరుగదు.

మార్పిడికి కొంత కాలము కావలెను. పాపికొండల నడుమ ఇఱుకున వడిగా పాఱు గోదావరి, రాజమహేంద్రవరము వద్దకు వచ్చునప్పటికి వెడల్పై నెమ్మదించును. ఒక్కొక్క కేశనాళిక ఇఱుకే గాని, కోట్లకొలది నాళికలను కలిపి చూచినచో, అది బృహద్ధమనికంటె ఎన్నో వందల రెట్లు విశాలమైన పాయ. అందుచేత బృహద్ధమనిలో వేగముగా ఉరికిన రక్తము కేశనాళికలలో సెకనుకు ఒక మిల్లీమీటరైనను నడువదు. నాళిక పొడవు కూడ ఇంచుమించు అంతయే. ఆ ఒకటి రెండు సెకనులలోనే ఇచ్చిపుచ్చుకొనుట ముగియవలెను, ముగియుచున్నది. కొంత ద్రవము గోడ గుండ వెలుపలికి ఊరి, చాలవఱకు మరల లోనికి చేరును. మిగిలినదానిని శోషరసనాళములను వేఱు కాలువలు ఏఱుకొనివచ్చి సిరలలో కలుపును. వెండ్రుకలు, గోళ్ళు, చర్మపు పైపొర, కంటి నల్లగ్రుడ్డుపై నుండు అద్దమువంటి పొర, వీనియందు కేశనాళికలు లేవు. మంగలి క్షౌరము చేసినపుడు నెత్తురు రాకుండుట ఇందుచేతనే. కంటి పొర తనకు కావలసిన ప్రాణవాయువును చాలవఱకు కన్నీటి గుండ గాలినుండి తీసికొనును.

తిరుగు ప్రయాణము సిరలది. కేశనాళికలను దాటునప్పటికి గుండె యిచ్చిన త్రోపు దాదాపు ఉడిగిపోవును. పాదమునుండి గుండెకు పైకి ఎక్కవలెను. ఎవరు ఎక్కింతురు? పిక్క కండరములు. నడచునపుడు పిక్క బిగిసి లోతునున్న సిరలను పిండును. తలుపులు క్రిందివైపున మూసికొనియుండుటచే రక్తము పైకే పోవును. గాలి పీల్చినపుడు రొమ్ము వ్యాకోచించుటయు రక్తమును పైకి లాగును. పంద్రాగష్టు నాడు ఎండలో కదలక నిలిచిన బాలుడొకడు సొమ్మసిల్లి పడుట చాల బడులలో చూచినదే. వాడు పిఱికివాడు కాడు. పిక్కలు కదలనందున రక్తము కాళ్ళలో నిలిచి, మెదడునకు వంతు తగ్గినది. పడుకొనబెట్టి కాళ్ళు ఎత్తి పట్టినచో సాధారణముగా వెంటనే తేఱుకొనును. పూటలకొలది నిలువబడి పనిచేయువారిలో కొందఱికి కాలక్రమమున సిరల తలుపులు సడలి, కాళ్ళపై సిరలు మెలికలు తిరిగి ఉబ్బును. సిరల గోడలు పలుచన, సులభముగా విశాలమగును. ఏ క్షణమున చూచినను శరీరమందలి రక్తములో సుమారు మూడింట రెండువంతులు సిరలయందే యుండును. సిర నీలముగా కనబడుట చర్మము గుండ వెలుతురు వచ్చుటలోని విశేషము. అందలి రక్తము నీలము కాదు, ముదురెఱుపు. గాయమైనపుడు ధమని తెగినచో నిగనిగలాడు ఎఱ్ఱని రక్తము దెబ్బదెబ్బకు చిమ్ముకొని వచ్చును. సిర తెగినచో ముదురు రంగు రక్తము ఎడతెగక కాఱును. రెంటికిని మొదట చేయవలసినది శుభ్రమైన గుడ్డతో గాయముమీద గట్టిగా అదిమిపట్టుటయే.

గుండె రక్తముతో నిండియుండియు, తన కండకు కావలసిన రక్తమును లోపలినుండి తీసికొనదు. బృహద్ధమని మొదట చీలిన రెండు సన్నని ధమనులు దాని పైన అల్లుకొని ఆహారమిచ్చును. ఈ ధమనుల లోపలిపొరకు ఏండ్లతరబడి క్రొవ్వు పట్టి త్రోవ ఇఱుకై, ఒకనాడు గడ్డకట్టిన రక్తము అడ్డుపడినచో గుండెపోటు వచ్చును. మెదడు ధమనికే అట్లు జరిగినచో పక్షవాతము. పొగాకు, అధిక రక్తపీడనము, మధుమేహము ఈ లోపలిపొరను చెఱచునవి.

రక్తపీడనమును మొదట కొలిచినవాడు వైద్యుడు కాడు. స్టీఫెన్ హేల్సు అను ఆంగ్ల మతాచార్యుడు. ఒక గుఱ్ఱమును పరుండబెట్టి కట్టి, దాని తొడ ధమనిలో ఇత్తడి గొట్టమును గ్రుచ్చి, దానికి తొమ్మిదడుగుల గాజుగొట్టమును నిలువుగా తగిలించెను. రక్తము 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు లేచి, గుండె దెబ్బకు తగినట్లు పైకి క్రిందికి ఊగెను. ఆయన దీనిని 1733లో ప్రకటించెను. శాస్త్రమునకు మేలే జరిగినది. గుఱ్ఱము సంగతి చెప్పనక్కఱలేదు. ఈ పద్ధతిని మనుష్యులపై ప్రయోగించుట కుదరదు గదా! నూటఅఱువది ఏండ్లకు పిదప, 1896లో, ఇటలీ వైద్యుడు రీవా రోచ్చి ధమనిని కోయక కొలుచు ఉపాయము పన్నెను. అది హార్వే కట్టువంటిదే: భుజమునకు చుట్టిన రబ్బరు పట్టీలోనికి గాలి ఎక్కించుట, నాడి ఆగునప్పటికి పాదరసము ఎంత ఎత్తున నున్నదో చూచుట. 1905లో రష్యా సైనిక వైద్యుడు కొరొట్కోవు ఆ పట్టీకి దిగువ మోచేతి మడతలో వినికిడి గొట్టము పెట్టి ఆలకించెను.

పట్టీ మిక్కిలి బిగువుగా నున్నపుడు ధమని పూర్తిగా మూసికొని, ఏ చప్పుడును ఉండదు. గాలిని మెల్లగా వదలుచుండగా, గుండె బలముగా నెట్టినపుడు మాత్రము రక్తము దూరి టకటకయను చప్పుడు పుట్టును. అచటి అంకె పై పీడనము. ఇంకను వదలగా ధమని ఎల్లప్పుడు తెఱచుకొనియే యుండి చప్పుడు మాసిపోవును. అచటి అంకె క్రింది పీడనము, అనగా గుండె సేదదీరు వేళ ధమనిలో మిగిలియుండు పీడనము. ఆరోగ్యవంతులగు పెద్దలకు ఇవి సుమారు 120, 80 మిల్లీమీటర్లు. పలుమాఱు కొలిచినను 140 గాని, 90 గాని, లేక వానికి మించి గాని ఉండినచో వైద్యులు దానిని వ్యాధిగా ఎంతురు. ఆ వ్యాధికి నొప్పి లేదు, జ్వరము లేదు. పట్టీ చుట్టి చూచినగాని బయటపడదు. ఆ రెండంకెలను నడుమ గీటు పెట్టి, పెద్దదానిని ముందు, చిన్నదానిని వెనుక చీటిపై వ్రాయుట వైద్యుల వాడుక.